తొమ్మిది నొక్కొద్దు!

*ఒకప్పుడు ఆ ఫోను మోగితే ఇల్లంతా పరుగెత్తేది. ఇప్పుడు మోగితే పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. హాల్లో మూలనున్న ల్యాండ్‌లైను అయినవాళ్ల పిలుపుల కన్నా ముక్కూమొహం తెలియనివాళ్ల వలలనే ఎక్కువగా మోస్తోంది.*

విజయవాడ సత్యనారాయణపురంలో మా పిన్ని వాళ్లింట్లో ఫోనుకి ఇప్పటికీ ఓ గౌరవం ఉంది. దానికో చిన్న బల్ల, బల్ల మీద పిన్ని క్రోషియాతో అల్లిన గుడ్డ, పక్కన నంబర్లు రాసుకున్న డైరీ. ఆ డైరీలో సగం మంది ఇప్పుడు లేరు. వాళ్ల పేర్లు కొట్టేయడానికి పిన్నికి మనసొప్పలేదు.

మొన్నామధ్య ఓ మంగళవారం, పదకొండు గంటల వేళ. పిన్ని కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతోంది. ఫోను మోగింది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. అయినా ఐదో రింగుకల్లా అందుకుంది. అటువైపు మనిషి లేడు. రికార్డు చేసిన ఆడగొంతు. ‘ఇది టెలికాం శాఖ నుంచి ముఖ్యమైన కాల్. మీ ఫోను రెండు గంటల్లో నిలిపివేయబడుతుంది. వివరాల కోసం తొమ్మిది నొక్కండి.’

ముప్ఫై ఏళ్లలో ఒక్క నెల కూడా బిల్లు ఆలస్యం చేయని ఇల్లది. తప్పెక్కడ జరిగిందో తెలుసుకోవాలిగా! తొమ్మిది నొక్కింది.

ఈసారి మనిషే పలికాడు. చక్కని తెలుగు. ‘అమ్మా, మీ ఆధార్ మీద ముంబైలో ఇంకో సిమ్ తీశారు. దాన్నుంచి అసభ్యమైన మెసేజీలు వెళ్లాయి. మీ మీద కేసు నమోదైంది. భయపడకండి, నేనే మిమ్మల్ని ముంబై పోలీసులకు కలుపుతాను’ అన్నాడు. కలిపాడు. రెండో గొంతు గరుకుగా ఉంది. వెనకాల వైర్‌లెస్ సెట్టు గరగరలు కూడా వినిపించాయట. ‘వీడియోలో మీ వాంగ్మూలం తీసుకోవాలి. వాట్సాప్ ఉన్న నంబరు చెప్పండి.’

‘వాట్సాపు మా ఆయన ఫోన్లో ఉంది బాబూ. ఆయన రైతుబజారుకి వెళ్లారు, కూరలకి.’

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, ‘ఎప్పుడొస్తారు?’

‘పన్నెండవుతుంది.’

‘అప్పుడు మళ్లీ చేస్తాం. ఈలోగా ఎవరికైనా చెబితే వాళ్లనీ అరెస్టు చేయాల్సొస్తుంది.’

ఆ గంటసేపు పిన్ని వంటింట్లోకి వెళ్లలేదు. ఫోను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. బాబాయి సంచీతో గుమ్మంలో అడుగు పెట్టగానే, ‘ఏమండీ, మనం ఎప్పుడైనా ముంబై వెళ్లామా?’ అని అడిగిందట. రోజూ పేపరు అక్షరం వదలకుండా చదివే బాబాయికి అరనిమిషంలో సంగతి అర్థమైంది. పన్నెండింటికి మళ్లీ మోగితే ఆయనే ఎత్తి, ఒక్క ముక్క మాట్లాడకుండా పెట్టేశారు. సాయంత్రంలోగా ఇంకో ఆరుసార్లు మోగింది.

రాత్రి పిన్ని నాతో అన్న మాట మాత్రం ఇది: ‘ఒరేయ్, వాడు ఎంత మర్యాదగా మాట్లాడాడురా! మధ్యలో పెట్టెయ్యలేకపోయాను.’

గుమ్మం ఇక్కడ, బీరువా అక్కడ

పిన్నిని కాపాడింది ఆమె తెలివీ కాదు, ప్రభుత్వమూ కాదు. కూరల సంచీతో పాటు మొబైలు కూడా బజారుకెళ్లడమే కాపాడింది. నవ్వొచ్చినా, ల్యాండ్‌లైను మోసాల కిటుకంతా అక్కడే ఉంది.

ఆలోచించండి. ల్యాండ్‌లైనుకి ఓటీపీ రాదు, లింకు రాదు, వీడియో రాదు. దాంట్లో బ్యాంకు యాప్ ఉండదు. దొంగ దృష్టిలో అది గుమ్మం మాత్రమే. బీరువా మొబైల్లో ఉంది. అందుకే ఇంటి ఫోనుకి చేసిన ప్రతి మోసగాడూ ఏదో ఒక క్షణంలో మిమ్మల్ని ఇటు నుంచి అటు దాటించాలి. ‘మీ మొబైల్ నంబరు చెప్పండి’, ‘వాట్సాప్‌లోకి రండి’, ‘పక్కన సెల్ ఉంటే తీసుకోండి’... మాట ఏదైనా పని ఒకటే. నిజమైన పోలీసుకి, నిజమైన బ్యాంకుకి ఈ దాటింపుతో పనిలేదు. పోలీసులు ఇంటికొస్తారు, లేదంటే నోటీసు పంపుతారు. బ్యాంకు దగ్గర మీ మొబైల్ నంబరు ముందే ఉంటుంది.

వీడియోలోకి దాటాక జరిగేది ఇప్పుడు దేశమంతా తెలిసిన కథ. పోలీసు దుస్తులు, వెనకాల జాతీయ జెండా, నకిలీ కోర్టు ఉత్తర్వులు, గంటల తరబడి కెమెరా ముందు నుంచి కదలనివ్వకపోవడం. దానికి వాళ్లే పెట్టుకున్న పేరు ‘డిజిటల్ అరెస్టు’. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని కూడా ఇదే చెప్పారు. అయినా ఆగలేదు. 2025లో హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు సుప్రీంకోర్టు పేరిట చూపించిన దొంగ ఉత్తర్వులు నమ్మి కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్నారు. అసలు సుప్రీంకోర్టే అక్టోబరులో దాన్ని తనంతట తాను విచారణకు తీసుకుంది. డిసెంబరు 1న డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

> లెక్కల్లో
>
> రూ. 7,465 కోట్లు: 2023లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్న సొమ్ము
>
> రూ. 22,845 కోట్లు: 2024లో పోగొట్టుకున్నది. ఏడాది తిరిగేసరికి మూడింతలు
>
> రూ. 120 కోట్లు: 2024 జనవరి-ఏప్రిల్ మధ్య, నాలుగే నెలల్లో ‘డిజిటల్ అరెస్టు’ పేరిట పోయింది

నంబరు ఎలా దొరికింది?

‘మన నంబరు వీళ్లకెవరిచ్చారు?’ పిన్ని మొదటి ప్రశ్న ఇదే. నిజానికి ఎవరూ ఇవ్వక్కర్లేదు. విజయవాడ కోడ్ 0866. ఆ తర్వాత ఏడంకెలు. వాటిలో మొదటి మూడూ ఎక్స్ఛేంజీవి, చివరి నాలుగే మీవి. అంటే ఒక్కో ఎక్స్ఛేంజీకి 0000 నుంచి 9999 దాకా పదివేల నంబర్లు. యంత్రానికి పని అప్పగిస్తే వరసగా కొట్టుకుంటూ పోతుంది. ఎత్తిన ఇంటిని గుర్తు పెట్టుకుంటుంది. తొమ్మిది నొక్కిన ఇంటిని ఇంకా బాగా గుర్తు పెట్టుకుంటుంది.

కొన్నిసార్లు ఎత్తి ‘హలో, హలో’ అంటే అటు నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. మా చిన్నప్పుడు అలాంటి బ్లాంక్ కాల్ వస్తే వీధిలో ఏ కుర్రాడి పనో అని ఆడపిల్లలున్న ఇళ్లలో గొడవలయ్యేవి. ఇప్పుడది ఎక్కువగా యంత్రం పనే. అది ఒకేసారి నలభై ఇళ్లకు కొడుతుంది. మాట్లాడే మనుషులు పదిమందే ఉంటారు. పదకొండో ఇంటివాళ్లు ఎత్తితే వినిపించేది నిశ్శబ్దం.

పాత టెలిఫోన్ డైరెక్టరీ గుర్తుందా? ఇటుకంత మందం. పేరు, ఇంటి నంబరు, వీధి, ఫోను నంబరు అన్నీ అచ్చేసి ఇంటింటికీ పంచేవారు. అందులో పేరుండటం ఒక హోదా. 1991లో దేశం మొత్తానికి ఉన్న ఫోన్లు యాభై లక్షలే. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశాక లైన్‌మన్ వచ్చి తీగ లాగితే వీధికంతా స్వీట్లు పంచిన ఇళ్లున్నాయి. అలా తెచ్చుకున్న నంబరుని ఎలా వదులుకుంటారు? దొంగల లెక్కా అదే. ఇంకా ల్యాండ్‌లైను ఎత్తుతున్నారంటే ఆ ఇంట్లో పెద్దవాళ్లుంటారు, పగలు ఇంటిపట్టునే ఉంటారు, పింఛనో డిపాజిట్టో ఉంటుంది, పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. ఇంతకన్నా మంచి చిరునామా వాళ్లకేం కావాలి!

(ఇంకో రకం ల్యాండ్‌లైన్లూ ఉన్నాయి. ఫైబర్ ఇంటర్నెట్‌తో పాటు ఉచితంగా వచ్చినవి. ఆ నంబరు ఇంట్లోవాళ్లకే గుర్తుండదు, చుట్టాలకు అసలే తెలియదు. కాబట్టి మోగిందంటే శంకర్‌పల్లిలో ప్లాట్లు అమ్మేవాళ్లో, ఎన్నికలప్పుడు నాయకుడి రికార్డు గొంతో అన్నమాట.)

ఆ గొంతు మనవాడిదే

పిన్నికి అన్నిటికన్నా మింగుడుపడనిది ఆ తెలుగు. ‘గోదావరి జిల్లాల యాస రా, మనవాడే’ అంది. నిజంగా మనవాడే కావచ్చు.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కుర్రాళ్లను కంబోడియా పంపిన ఏజెంట్ల ముఠా అది. అక్కడ దిగాక పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, భారతీయులకే ఫోన్లు చేసి మోసగించమన్నారు. రోజుకింత రాబట్టాలని లెక్క. రాబట్టకపోతే తిండి కోత, దెబ్బలు. అదే నెలలో అక్కడి సిహనూక్‌విల్‌లో వందలమంది భారతీయ యువకులు ఒక్కసారిగా తిరగబడ్డారు. నెల తిరక్కుండానే మొదటి జట్టు విశాఖ విమానాశ్రయంలో దిగింది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని మ్యావడీ కేంద్రాల నుంచి బయటపడిన ఐదు వందల మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలోనూ తెలుగువాళ్లున్నారు.

దొంగని తిట్టుకోవడం తేలిక. కానీ ‘భయపడకండమ్మా’ అన్న ఆ కుర్రాడి వెనకాల కర్ర పట్టుకుని ఇంకొకడు నిలబడి ఉండొచ్చు. అలాగని పిన్ని వాడితో మాట్లాడుతూ కూర్చోవాలని కాదు. వాడి తల్లి కూడా ఏ ఊళ్లోనో ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుందన్న ఊహ మాత్రం నన్ను వదల్లేదు.

ఈ విద్య మనకు కొత్త కూడా కాదు. 2016 అక్టోబరులో ముంబై పక్కన మీరా రోడ్డులో పోలీసులు దాడులు చేసిన కాల్ సెంటర్లలో మన కుర్రాళ్లు రాత్రంతా అమెరికా ఇళ్లకు ఫోన్లు చేసేవారు. ‘ఆదాయపు పన్ను శాఖ నుంచి. మీరు బాకీ ఉన్నారు. కట్టకపోతే అరగంటలో పోలీసులొస్తారు’ అనేవారు. సొమ్ము గిఫ్టు కార్డుల రూపంలో లాగేవారు. ఈ తరహా కాల్ సెంటర్ల కేసులోనే 2018లో అమెరికా కోర్టు ఇరవై మందికి పైగా శిక్షలు వేసింది. అప్పుడు టెక్సాస్ బామ్మకి చదివిన పాఠమే ఇప్పుడు తర్జుమా అయి సత్యనారాయణపురం వచ్చింది. అటు అమెరికాలోని మన విద్యార్థులకేమో ‘భారత రాయబార కార్యాలయం నుంచి’ అంటూ అక్కడి నంబరే కనిపించేలా దొంగ ఫోన్లు వస్తున్నాయి.

చట్టం మొబైల్‌దే

విసిగించే కాల్స్‌కి కళ్లెం వేయాలని 2007 నుంచీ ప్రయత్నం జరుగుతూనే ఉంది. వద్దనుకునేవాళ్ల పట్టిక, అందులో చేరడానికి 1909 నంబరు, ప్రకటనల కాల్స్‌కి 140 సిరీస్, బ్యాంకుల, ప్రభుత్వ విభాగాల సేవా కాల్స్‌కి 1600 సిరీస్... ఒక్కొక్కటిగా వచ్చాయి. ఒకే లైను మీద ముప్ఫై కాల్స్ ఏకకాలంలో నడిపే పీఆర్ఐ కనెక్షన్లు, ఇంటర్నెట్ మీద నడిచే సిప్ లైన్లు తీసుకుని అనుమతి లేకుండా ఊదరగొట్టేవాళ్ల లైన్లన్నీ కోసేయమని 2024 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. కొన్ని వారాల్లోనే రెండున్నర లక్షలకు పైగా కనెక్షన్లు ఊడాయి. విదేశాల్లో పుట్టి ఇండియా నంబరు ముసుగులో వచ్చే కాల్స్‌ని పట్టే వ్యవస్థ ఆ అక్టోబరులో మొదలైంది. తొలి 24 గంటల్లోనే ఆపినవి 1.35 కోట్లు! దాంతో ముఠాలు సిమ్ బాక్సుల వైపు తిరిగాయి. ఇంటర్నెట్‌లో వచ్చిన కాల్‌ని వందలాది సిమ్‌లు గుచ్చిన ఒక పెట్టె లోకల్ కాల్‌గా మార్చి బయటికి వదులుతుంది. ఆ పెట్టె ఏ అద్దె గదిలోనో, మంచం కింద ఉంటుంది.

ఇన్ని చేసినా ల్యాండ్‌లైను దగ్గరికొచ్చేసరికి చట్టం చేతులు కట్టుకుంటుంది. ఫిర్యాదు చేయాలంటే చేసినవాడి నంబరు కావాలి. పిన్ని ఫోన్లో నంబరు కనిపించే తెర లేదు. 140 సిరీసో 1600 సిరీసో ఎలా తెలుస్తుంది? 1909కి చేసి చెప్పినా ఆ నంబరే అడుగుతారు. లేదంటే ఎస్సెమ్మెస్ పంపమంటారు, యాప్ అంటారు. రెండూ ఆ ఫోనుకి లేవు. ‘సంచార్ సాథీ’ వెబ్‌సైటులో 2024 మార్చిలో మొదలైన ‘చక్షు’లో అనుమానాస్పద కాల్స్ గురించి చెప్పొచ్చు, నిజమే. దానికీ మళ్లీ నంబరు కావాలి, ఇంకో తెర కావాలి. అసలు ఎక్కువగా దెబ్బతినేవాళ్ల చేతిలో ఉన్న పరికరాన్ని వదిలేసి మిగతా అన్నిటికీ ఏర్పాట్లు చేయడం నాకైతే విడ్డూరంగానే ఉంది. పాత ల్యాండ్‌లైన్లన్నిటికీ నంబరు కనిపించే సౌకర్యం అడగకుండానే ఇస్తే సగం పని అవుతుంది.

> బ్రిటన్ బామ్మ
>
> ల్యాండ్‌లైను మోసాల్లో బ్రిటన్ మనకన్నా సీనియర్. అక్కడో చిత్రమైన ఎత్తు నడిచేది. ‘నమ్మకం లేకపోతే పెట్టేసి, మీ కార్డు వెనకున్న బ్యాంకు నంబరుకే చేసి కనుక్కోండి’ అని దొంగే చెప్పేవాడు. ఇవతలివాళ్లు పెట్టేసినా, చేసినవాడు పెట్టకపోతే అప్పట్లో లైను కాసేపు తెగేది కాదు. వాడు డయల్ టోన్ వినిపించేవాడు. పాపం పెద్దావిడ బ్యాంకు నంబరే నొక్కేది, పలికేది మాత్రం వాడి జట్టువాడే! తర్వాత లైను తెగే వ్యవధిని అక్కడి కంపెనీలు రెండు మూడు సెకన్లకు కుదించాయి. సరిచూసుకోవాలంటే ఇంకో ఫోను నుంచి చేయడమే ఎప్పటికైనా మేలు.
>
> 2024 నవంబరులో అక్కడి ఓ2 కంపెనీ ‘డైసీ’ అనే కృత్రిమ మేధ బామ్మను తయారుచేసింది. దొంగలు ఫోను చేస్తే తన అల్లికల గురించి, పిల్లి గురించి చెప్పుకుంటూ వాళ్ల సమయాన్ని నలభై నిమిషాల దాకా తినేస్తుంది.

‘పెట్టేయ్’ అని ఎవరు నేర్పారు?

మన పెద్దవాళ్లకు ఫోను మర్యాదలు నేర్పింది ట్రంకాల్ కాలం. మోగితే ఎత్తాలి. ఎత్తితే బదులివ్వాలి. అవతలివాళ్లు ‘ఉంటానండీ’ అనేదాకా పెట్టకూడదు. మధ్యలో పెట్టేయడమంటే మొహం మీద తలుపేయడం. పిన్ని స్కూల్లో ముప్ఫై రెండేళ్లు పాఠాలు చెప్పింది. ఎవరి మాటనూ మధ్యలో తుంచేయకూడదని పిల్లలకు నేర్పింది కూడా ఆమే. మోసగాళ్లు పెట్టుబడిగా వాడుకుంటున్నది ఆశనీ అజ్ఞానాన్నీ కాదు, ఈ మర్యాదని. ‘ఇన్ని చదువుకుని ఎలా మోసపోయావమ్మా’ అని పిల్లలు విసుక్కునేటప్పుడు మరిచిపోయేది ఇదే. ఆ విసుగుకి భయపడే చాలామంది పెద్దవాళ్లు జరిగింది బయటికి చెప్పరు. చెప్పకపోతే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 ఉన్నా ఉపయోగం లేదు. డబ్బు పోయిన తొలి గంటల్లో ఆ నంబరుకి చెబితేనే, సొమ్ము చేతులు మారకముందే ఖాతాలో ఆపించే వీలుంటుంది.

అందుకే మేం ఉపన్యాసాలు మానేసి పాత అలవాటు ఒకటి బయటికి తీశాం. కాల్‌కి డబ్బులయ్యే రోజుల్లో ‘క్షేమంగా చేరాం’ అని చెప్పడానికి రెండు రింగులిచ్చి పెట్టేసేవాళ్లం, గుర్తుందా? ఇప్పుడు అయినవాళ్లందరం అదే చేస్తున్నాం. రెండు రింగులు, ఆపి, మళ్లీ చేయడం. అలా మోగితేనే పిన్ని లేస్తుంది. మిగతావి మోగి మోగి ఊరుకుంటాయి. బాబాయి స్నేహితుడొకాయన రెండుసార్లు నొచ్చుకున్నాడు గానీ, సంగతి తెలిశాక తన ఇంట్లోనూ అదే పెట్టుకున్నాడు.

 అమ్మానాన్నలను చూడ్డానికి వెళ్తుంటే ఓ అరగంట ఆ ఫోను దగ్గర కూర్చోండి. దాన్నుంచే 1909కి చేసి ప్రకటనల కాల్స్ వద్దని నమోదు చేయించండి. అది దొంగల్ని ఆపదు, ప్లాట్లవాళ్లని కొంత తగ్గిస్తుంది. నంబరు కనిపించే ఏర్పాటు ఉందేమో టెలిఫోన్ ఆఫీసులో అడిగి పెట్టించండి, తెరున్న ఫోను కొనివ్వండి. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రెండే రాసి అంటించండి: ‘మొబైల్ నంబరు అడిగితే పెట్టేయాలి’, ‘1930’. చివరగా పక్క గదిలోంచి మీ సెల్‌తో ఆ ఫోనుకే చేసి, గొంతు మార్చి, ‘మేడమ్, ముంబై పోలీస్ నుంచి’ అనండి. మాట పూర్తికాకముందే పెట్టేయమని సాధన చేయించండి. మొదట్లో నవ్వేస్తారు, తర్వాత ‘అయ్యో, పాపం’ అంటారు. మా పిన్నికి నాలుగోసారికి వచ్చింది.